సిమ్ వద్దు, నెట్ వద్దు: ఆర్డుయినోతో జీపీఎస్ లాగర్ చేస్కోవడం ఎలా

ముందే ఒక క్లారిటీ, ఇది ట్రాకర్ కాదు లాగర్. ట్రాకర్ అంటే లోపల సిమ్ వేస్కుని బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపించేది, దానికి రీఛార్జ్ కావాలి, టవర్ కావాలి. లాగర్‌కి ఈ గోలేం లేదు, నెత్తిమీద ఆకాశం కనిపిస్తే చాలు, శాటిలైట్ల సిగ్నల్ పట్టుకుని టైము, లాటిట్యూడు, లాంగిట్యూడు, స్పీడు లెక్కేసుకుని మెమరీ కార్డులో సెకనుకో లైను రాస్కుంటూ పోద్ది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దార్లో మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్ళాక ఫోన్‌లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కదా, అక్కడ కూడా ఇది తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, ఇంటికొచ్చి కార్డు తీసి కంప్యూటర్లో పెడితే ఘాట్‌లో ప్రతి మలుపూ మ్యాప్ మీద కనిపిస్తుంది.

ఫోన్‌లో యాప్ ఉందిగా దీనికి అంటారు చాలామంది. నిజమే, ఒక్క రైడ్ కోసమైతే యాప్ చాలు. కానీ ట్రాక్టర్ రోజంతా ఏ చెక్కలో ఎంతసేపు తిరిగిందో తెలియాలంటే, ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానంలో పెట్టాలంటే, కాలేజీలో మినీ ప్రాజెక్టు చెయ్యాలంటే ఫోన్ ఇచ్చి పంపలేం.

కోడ్ పెద్ద విషయం కాదండి, నెట్‌లో బోలెడు దొరుకుతాయి. అసలు సమస్య ఏంటంటే టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసిన లాగర్ బండికి కట్టి ఊరెళ్ళొచ్చాక కార్డు తీసి చూస్తే ఫైల్ సైజు సున్నా ఉంటుంది. స్క్రీన్ లేదు, చూసేవాళ్ళు లేరు, ఏ క్షణంలో పవర్ పోతుందో తెలీదు, అలాంటి పరిస్థితిలో కూడా డేటా కార్డులోకి చేరేలా చెయ్యడమే ఇందులో పని. అందుకే కింద నేను కనెక్షన్ల కంటే ఆ విషయాల మీదే ఎక్కువ టైమ్ పెడతాను.

1. సామాన్లు

బోర్డు (మన కోడ్ ఎక్కించుకుని నడిపే చిన్న కంప్యూటరు): ఆర్డుయినో యూనో ఆర్3 గానీ నానో గానీ. రెండిట్లో చిప్ ఒకటే, ఏటీమెగా 328పీ, ప్రోగ్రామ్‌కి 32 కేబీ, ర్యామ్ 2 కేబీ. ఈ 2 కేబీ గుర్తుపెట్టుకోండి, తర్వాత ఏడిపించేది ఇదే.

జీపీఎస్: నియో 6ఎం మాడ్యూల్. చిప్ స్విట్జర్లాండ్ కంపెనీ యూబ్లాక్స్‌ది, బోర్డు మీద చదరంగా సిరామిక్ యాంటెన్నా వస్తుంది, చిన్న బ్యాకప్ బ్యాటరీ కూడా ఉంటుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే నియో ఎం8ఎన్ తీస్కోండి, అది అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్ లాంటి వేరే శాటిలైట్లు కూడా పట్టుకుంటుంది, ఎత్తు బిల్డింగుల మధ్య తేడా తెలుస్తుంది. మన ఇస్రో నావిక్ వస్తుందా అని అడుగుతారు, నియో 6ఎంలో రాదు.

కార్డు మాడ్యూల్: ఇక్కడ కాస్త జాగ్రత్త. మార్కెట్లో రెండు రకాలున్నాయి. ఒకదాని మీద చిన్న రెగ్యులేటరు, దాని పక్కన ఒక ఐసీ ఉంటాయి, అది 5 వోల్టుల యూనోకి సరిపోతుంది. రెండోది ఉత్త స్లాట్, మహా అయితే నాలుగు రెసిస్టర్లు, అది 3.3 వోల్టుల బోర్డులకి మాత్రమే. మెమరీ కార్డు అనేదే 3.3 వోల్టుల వస్తువు, దానికి నేరుగా 5 వోల్టులు పెడితే కొన్నిసార్లు బతుకుతుంది, చాలాసార్లు పోద్ది. యూనోకి మొదటి రకమే కొనండి.

కార్డు: మైక్రో ఎస్‌డీ, 32 జీబీ లోపు. 64 జీబీ ఆ పైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, ఆర్డుయినోతో వచ్చే ఎస్‌డీ లైబ్రరీకి (రెడీగా రాసి పెట్టిన కోడ్) అది చదవడం రాదు, ఫ్యాట్16, ఫ్యాట్32 మాత్రమే వచ్చు. నిజానికి అంత పెద్ద కార్డు అవసరమే లేదు. మనం రాసే ఒక్కో లైను 54 అక్షరాల దాకా ఉంటుంది, సెకనుకొకటి చొప్పున 24 గంటలు ఆపకుండా రాసినా 5 ఎంబీ లోపే. పాత ఫోన్‌లోంచి తీసిన 4 జీబీ కార్డు డ్రాయర్లో పడుంటే అదే తీయండి, రెండేళ్ళు రాసినా నిండదు.

ఇవి కాక ఒక ఎల్‌ఈడీ, దానికి 330 ఓమ్స్ రెసిస్టర్, ఒక పుష్ బటన్, వైర్లు, ఒక జీరో పీసీబీ (సోల్డర్ చేస్కునే చిల్లుల బోర్డు). హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి, బేరం మీ ఇష్టం.

2. ముందు జీపీఎస్ ఒక్కటే కలపండి

అన్నీ ఒకేసారి కలిపేసి పెద్ద కోడ్ ఎక్కించేసి, పనిచెయ్యట్లేదు, తప్పు ఎక్కడుందో అర్థంకావట్లేదు అని తల పట్టుకోవడం చాలా మామూలు. ఒక్కొక్కటే కలపండి, ఒక్కొక్కటే టెస్ట్ చెయ్యండి.

జీపీఎస్ మాడ్యూల్‌కి నాలుగే పిన్నులు. వీసీసీ ని యూనో 5 వోల్టులకి, గ్రౌండ్ ని గ్రౌండ్‌కి. మాడ్యూల్ టీఎక్స్ ని యూనో 4వ పిన్నుకి. మాడ్యూల్ ఆర్‌ఎక్స్ అసలు కలపక్కర్లేదు, మనం దానికి ఏమీ చెప్పట్లేదు, అది చెప్పేది వింటున్నాం అంతే. సెట్టింగులు మార్చాలనుకుంటే మాత్రం యూనో 3వ పిన్ను నుంచి కలపాలి, అప్పుడు కూడా నేరుగా కాదు, 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీ 3.3 కి తగ్గించి ఇవ్వాలి.

యూనోలో సీరియల్ కోసం ఉన్న 0, 1 పిన్నులు వాడొచ్చు కదా అంటే వాడొచ్చు, కానీ అవి యూఎస్‌బీతో షేర్ అయి ఉంటాయి, జీపీఎస్ అక్కడ ఉండగా కోడ్ అప్‌లోడ్ చేస్తే ఎర్రర్ కొడుతుంది, ప్రతిసారీ వైరు పీకి పెట్టాలి. అందుకే సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో (మామూలు పిన్నుని సీరియల్ పిన్నులా వాడనిచ్చే లైబ్రరీ) 4వ పిన్ను.

కోడ్ రాసే ఆర్డుయినో ఐడీఈ ప్రోగ్రామ్ తెరిచి లైబ్రరీ మేనేజర్‌లో టైనీజీపీఎస్ ప్లస్ ప్లస్ వెతికి ఇన్‌స్టాల్ చెయ్యండి. దాంతోపాటు వచ్చే ఎగ్జాంపుల్స్‌లో డివైస్ ఎగ్జాంపుల్ అని ఉంటుంది, అది ఓపెన్ చెయ్యండి, పిన్నులు అందులో ఆల్రెడీ 4, 3 అనే ఉంటాయి, కాబట్టి మనకి సరిపోతుంది. ఒక్కటి చూస్కోండి, బాడ్ రేటు (అక్షరాలు పంపే స్పీడు) 4800 అని ఉంటే 9600 చెయ్యండి, నియో 6ఎం ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 9600 తో. ఇది మార్చక సీరియల్ మానిటర్లో (బోర్డు పంపేది కంప్యూటర్లో చూపించే విండో) ఏమీ రాక మాడ్యూలే పోయిందని షాపుకి తీస్కెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇప్పుడు డాబా మీదకి ఎక్కండి. గదిలో స్లాబ్ కింద కూర్చుని ఫిక్స్ (శాటిలైట్లతో మనం ఎక్కడున్నామో తేలడం) రావట్లేదు అంటే రాదు మరి. యాంటెన్నా ఆకాశం వైపు ఉండాలి, సిరామిక్ ముక్క పైకి. ఓపెన్ ఆకాశం కింద అరనిమిషం చాలని డేటాషీట్ అంటుంది, కొత్త మాడ్యూల్ మొదటిసారి అయితే కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఓపిక పట్టండి. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలని 30 సెకన్లకోసారి తిప్పి తిప్పి పంపిస్తుంది, మధ్యలో చెట్టో గోడో అడ్డమొచ్చి ఒక ముక్క మిస్సయితే మళ్ళీ ఆ రౌండు వచ్చేదాకా ఆగాలి, అందుకే నడుస్తూ ఉంటే ఇంకా లేటవుద్ది, ఒకచోట పెట్టి వదిలెయ్యండి. ఫిక్స్ దొరికాక మాడ్యూల్ మీద లైటు సెకనుకోసారి బ్లింక్ అవుతుంది.

3. అది అసలు ఏం పంపిస్తుందో ఒకసారి చూడండి

లైబ్రరీ ఉందిగా ఇదంతా ఎందుకు అని దాటెయ్యకండి, ఫైల్లో అంకెలు తేడాగా వచ్చినప్పుడు ఇది తెలిస్తేనే పట్టుకోగలరు. జీపీఎస్ మాడ్యూళ్ళు మాట్లాడేది ఎన్‌ఎంఈఏ అనే భాష, ఓడల మీద పరికరాల కోసం పెట్టుకున్న స్టాండర్డ్ అది. అందులో మనకి ముఖ్యమైన లైను ఆర్‌ఎంసీ, తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

$జీపీఆర్‌ఎంసీ,083015.00,ఏ,1723.1234,ఎన్,07829.2040,ఈ,21.60,...

083015 అంటే టైము 8 గంటల 30 నిమిషాల 15 సెకన్లు, అది లండన్ దగ్గరి గ్రీనిచ్ టైము, మనకి 5:30 కలపాలి, అంటే మధ్యాహ్నం 2 దాటి 15 సెకన్లు. తర్వాత ఏ అని ఉంటే ఫిక్స్ ఉంది, వీ అని ఉంటే లేదు. తర్వాతది చూడండి, 1723.1234, దీన్ని 17.231234 డిగ్రీలు అనుకుని మ్యాప్‌లో పెడితే పాయింటు ఎక్కడో పడుతుంది. అది 17 డిగ్రీల 23.1234 నిమిషాలు. 23.1234 ని 60 తో భాగించి 17 కి కలిపితే 17.38539, అది హైదరాబాద్. లాంగిట్యూడ్ కూడా అంతే, 78 డిగ్రీల 29.2040 నిమిషాలు, అంటే 78.486733. స్పీడు 21.60 అనేది నాట్స్‌లో, ఒక నాట్ 1.852 కిలోమీటర్లు, కాబట్టి గంటకి 40.

లైను చివర స్టార్ గుర్తు పక్కన రెండక్షరాల చెక్‌సమ్ ఉంటుంది, దారిలో ఒక్క అక్షరం పాడైనా లెక్క తప్పుతుంది, అప్పుడు లైబ్రరీ ఆ లైను మొత్తం పారేస్తుంది. ఇది 5వ స్టెప్పులో పనికొస్తుంది.

4. ఇప్పుడు కార్డు ఒక్కటే

జీపీఎస్ వైర్లు తీసి పక్కన పెట్టండి. కార్డు మాడ్యూల్‌లో సీఎస్ 10వ పిన్నుకి, మోసీ 11 కి, మీసో 12 కి, ఎస్‌సీకే 13 కి, పవర్ 5 వోల్టులకి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. యూనో 3.3 వోల్టుల పిన్ను నుంచి పవర్ ఇవ్వకండి, అది ఇవ్వగలిగేది 50 మిల్లీ ఆంపులే, కార్డు రాసేటప్పుడు ఒక్కోసారి 100 దాకా లాగుతుంది. వైర్లు వీలైనంత పొట్టిగా, జానెడు కంటే తక్కువ ఉంటే మంచిది.

కార్డుని కంప్యూటర్లో ఫ్యాట్32 లో ఫార్మాట్ చేసి పెట్టండి, ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ళదే ఫ్రీ ఫార్మాటర్ ఉంది, విండోస్ ఫార్మాట్ కంటే అది బెటర్. ఎస్‌డీ లైబ్రరీ ఎగ్జాంపుల్స్‌లో కార్డ్ ఇన్ఫో రన్ చెయ్యండి, చిప్ సెలెక్ట్ అని ఉన్నచోట 4 ఉంటే 10 చెయ్యండి. కార్డు సైజు, ఫైళ్ళ పేర్లు వచ్చాయా, అయిపోయింది. రాలేదా, వైర్లు చూడండి, తర్వాత కార్డు మార్చి చూడండి. చవక మాడ్యూళ్ళకి కొన్ని కార్డులు పడవు, కారణం వెతుకుతూ కూర్చోకండి.

ఫైల్ పేరు విషయంలో ఒక రూలు, పేరు 8 అక్షరాల లోపు, చుక్క తర్వాత 3. నా రైడ్ డేటా లాంటి పొడుగు పేరు పెడితే ఫైల్ ఓపెనే అవ్వదు, పైగా ఎర్రర్ కూడా చూపించదు. నేను చెప్పేది ఏంటంటే డేట్‌నే పేరుగా పెట్టండి, సంవత్సరం, నెల, రోజు, రెండేసి అంకెలు. 2025 మార్చి 14 అయితే 250314, ఎక్స్‌టెన్షన్ సీఎస్‌వీ (మధ్యలో కామాలతో రాసే ఫైల్, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది). ఇలా పెడితే ఫోల్డర్లో ఫైళ్ళు వాటంతట అవే వరసలో ఉంటాయి. డేట్ జీపీఎస్ నుంచే వస్తుంది కాబట్టి ఫిక్స్ వచ్చాకే ఫైల్ ఓపెన్ చెయ్యండి, రాకముందు తీస్కుంటే 2000 అనో 1980 అనో చెత్త డేట్ వస్తుంది. ఫిక్స్ వచ్చాక కూడా 19 ఏళ్ళు పైన వెనక్కి ఉంటే అది మీ తప్పు కాదు, జీపీఎస్ వారాల లెక్క 1024 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్ 6 న అలా తిరిగింది, పాత ఫర్మ్‌వేర్లు (మాడ్యూల్ లోపలి సాఫ్ట్‌వేర్) కొన్నిటికి అది అర్థంకాదు.

5. రెండూ కలిపాక వచ్చే అసలు తలనొప్పి

విడివిడిగా రెండూ పనిచేశాయి, కలిపేసరికి ఎత్తు రాదు, శాటిలైట్ల సంఖ్య మారదు, కొన్ని సెకన్లు అసలు మిస్సవుతాయి. ఎందుకో చూద్దాం, ఎందుకంటే దొరికే కోడ్లలో ఎక్కువ శాతం ఇక్కడే పోతాయి.

9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలు. సాఫ్ట్‌వేర్ సీరియల్ దగ్గర ఉండే బఫర్ (వచ్చిన అక్షరాలు కాసేపు ఆగే చోటు) 64 అక్షరాలే. అంటే మన ప్రోగ్రామ్ వేరే పనిలో ఉండి ఒక సెకనులో పదిహేనో వంతు ఆలస్యంగా వచ్చినా బఫర్ నిండిపోయి తర్వాత వచ్చే అక్షరాలు గాల్లో కలిసిపోతాయి. లూప్‌లో డిలే 1000 పెట్టినవాళ్ళకి ఫిక్స్ ఎప్పటికీ రాకపోవడానికి కారణం ఇదే, ముక్కలైన లైన్లకి చెక్‌సమ్ తప్పుతుంది, లైబ్రరీ పారేస్తుంది. డిలే ఎక్కడున్నా తీసెయ్యండి.

డిలే తీసేసినా కార్డు ఉంది కదా. కార్డు మామూలుగా టకటకా రాసేస్తుంది, కానీ అప్పుడప్పుడు లోపల తన సర్దుడు తాను చేస్కుంటూ 100, 200 మిల్లీ సెకన్లు కూడా ఆగిపోతుంది. ఆ టైములో జీపీఎస్ మాట్లాడుతూ ఉంటే పోయినట్టే.

దీనికి మందు సింపుల్. నియో 6ఎం సెకను మొత్తం మాట్లాడదు. సెకను మొదట్లో అన్ని లైన్లూ గడగడా చెప్పేస్తుంది, మొత్తం 400, 500 అక్షరాలు, అరసెకను పడుతుంది, తర్వాత అరసెకను నోరు మూస్కుని ఉంటుంది. మనం రాయాల్సింది ఆ మౌనంలో. చాలా కోడ్లలో లొకేషన్ అప్‌డేట్ అవ్వగానే కార్డులో రాసేస్తారు, కానీ మొదట వచ్చే లైనే ఆర్‌ఎంసీ, అది రాగానే అప్‌డేట్ అయినట్టు చూపిస్తుంది, మనం కార్డు వైపు తిరుగుతాం, ఈలోపు వెనకే వస్తున్న జీజీఏ లైను పోద్ది, ఎత్తు, శాటిలైట్ల సంఖ్య ఉండేది అందులోనే.

కాబట్టి ఇలా చెయ్యండి. లూప్‌లో మొదటి పని, సీరియల్‌లో అక్షరాలు ఉన్నంతసేపూ తీసి లైబ్రరీకి ఇవ్వడం, ప్రతి అక్షరం వచ్చినప్పుడు మిల్లీస్ టైమ్ (బోర్డు ఆన్ అయ్యి ఎన్ని మిల్లీ సెకన్లయిందో) ఒక వేరియబుల్‌లో నోట్ చేస్కోవడం, కొత్త లొకేషన్ వచ్చిందని ఒక ఫ్లాగ్ (అవును, కాదు అని గుర్తుంచుకునే వేరియబుల్) పెట్టుకోవడం. రెండో పని, చివరి అక్షరం వచ్చి 100 మిల్లీ సెకన్లు దాటిందా, ఫ్లాగ్ ఆన్‌లో ఉందా, రెండూ అవును అయితే అప్పుడు కార్డులో రాసి ఫ్లాగ్ ఆఫ్ చెయ్యడం. అంతే. పని చేస్తుందో లేదో చూడ్డానికి లైబ్రరీలోనే ఫెయిల్డ్ చెక్‌సమ్ అనే కౌంటర్ ఉంది, దాన్ని సీరియల్ మానిటర్లో ప్రింట్ చేస్కుంటూ ఓ పావుగంట వదిలెయ్యండి, అంకె పెరగకపోతే మీరు గెలిచారు.

6. లైనులో ఏం రాయాలి, ఎలా రాయాలి

డేట్, టైమ్, లాటిట్యూడ్, లాంగిట్యూడ్, ఎత్తు, స్పీడు, శాటిలైట్ల సంఖ్య. మధ్యలో కామాలు. ఒక లైను ఇలా ఉంటే చాలు:

2025-03-14,08:30:15,17.385390,78.486733,505.2,40.0,9

ఫైల్ సైజు సున్నా ఉన్నప్పుడు మాత్రమే పైన హెడర్ రాయండి, లేదంటే రీసెట్ అయిన ప్రతిసారీ మధ్యలో హెడర్ దూరుద్ది. హెడర్‌లో లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అని ఇంగ్లీషులో పూర్తి స్పెల్లింగ్ రాస్తే తర్వాత మ్యాప్ సైట్లు వాటంతట అవే గుర్తుపడతాయి.

దశాంశాలు. ఆర్డుయినో ప్రింట్‌కి ఏమీ చెప్పకపోతే చుక్క తర్వాత రెండే అంకెలు రాస్తుంది. 17.39, 78.49 అని. రెండు దశాంశాలంటే కిలోమీటరు పైన తేడా, ఊరంతా తిరిగినా ఒకే చుక్క కనిపిస్తుంది. ప్రింట్‌లో కామా పెట్టి 6 ఇవ్వండి. ఎస్‌ప్రింట్‌ఎఫ్‌తో లైను తయారుచేద్దాం అనుకుంటే యూనోలో అది దశాంశ సంఖ్యల బదులు ప్రశ్న గుర్తు రాస్తుంది, కాబట్టి ముక్కముక్కలుగా ఫైల్ ప్రింట్‌తో రాయడమే సుఖం. యూనోలో డబుల్ (ఎక్కువ అంకెలు పట్టాల్సిన సంఖ్య రకం) అన్నా తక్కువ అంకెలు పట్టే ఫ్లోటే, అందుకని ఆరో అంకె నమ్మదగింది కాదు, కానీ తేడా మీటరు లోపే, ఎలాగూ ఈ మాడ్యూల్ చెప్పే ఖచ్చితత్వమే రెండున్నర మీటర్లు.

టైము గ్రీనిచ్‌దే రాయండి, 5:30 కలపడం తర్వాత ఎక్సెల్‌లో చేస్కోవచ్చు. కోడ్‌లో కలుపుదాం అనుకుంటే మనకి అర్ధరాత్రి నుంచి తెల్లారి ఐదున్నర దాకా డేట్ కూడా మార్చాలి, నెలాఖరు, ఫిబ్రవరి, లీపు సంవత్సరం, ఆ లెక్కంతా ఉన్న 2 కేబీలో ఎందుకు.

పాత లొకేషన్ సంగతి కూడా చూడాలి. సిగ్నల్ పోయినా లైబ్రరీ చివరి లొకేషన్‌ని అలాగే పట్టుకుని ఉంటుంది, అడిగితే అదే ఇస్తుంది. వ్యాలిడ్ అవునా కాదా అని మాత్రమే చూస్తే సరిపోదు, ఏజ్ అనే ఫంక్షన్ ఉంది, అది 2000 మిల్లీ సెకన్లు దాటితే ఆ లైను రాయకండి. అలాగే బండి ఆపి టీ తాగుతున్నప్పుడు కూడా పాయింట్లు నాలుగైదు మీటర్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, అవన్నీ కూడితే ఆగిన బండి కూడా దూరం నడిచినట్టు లెక్క వస్తుంది. స్పీడు గంటకి 3 కిలోమీటర్ల కంటే తక్కువ ఉంటే నిమిషానికి ఒక్క లైను చాలు. పొలం గట్టు చుట్టూ నడిచి కొలిచేవాళ్ళు మాత్రం ఈ రూలు పెట్టకండి, నడక స్పీడు దాని దగ్గరే ఉంటుంది. ఇంకోటి, ఈ కొలతతో పక్క రైతుతో గట్టు పంచాయితీకి వెళ్ళకండి, రెండు మీటర్ల తేడా ఉన్న పరికరం సర్వేకి పనికిరాదు.

7. ఫ్లష్: సున్నా సైజు ఫైల్ రహస్యం

మనం ఫైల్లో రాసింది వెంటనే కార్డులోకి పోదు. 512 బైట్ల బఫర్ ర్యామ్‌లో ఉంటుంది, అది నిండాక కార్డులోకి వెళ్తుంది. అక్కడితో అయిపోలేదు, ఫైల్ సైజు ఎంత అనేది కార్డులో వేరేచోట రాసి ఉంటుంది, అది మారేది ఫ్లష్ (ఉన్నదంతా ఇప్పుడే కార్డులోకి రాసెయ్యమనడం) గానీ క్లోజ్ గానీ చేసినప్పుడే. అంటే మీరు మూడు గంటలు రాసి ఒక్కసారి కూడా ఫ్లష్ చెయ్యకుండా పవర్ పీకేస్తే డేటా కార్డులో ఎక్కడో ఉంటుంది కానీ సైజు మాత్రం సున్నా అనే ఉంటుంది, కంప్యూటర్‌కి ఖాళీ ఫైలే కనిపిస్తుంది.

ప్రతి లైనుకీ ఫ్లష్ చేస్తే సేఫే, కానీ కార్డుకి పని ఎక్కువ, కరెంటు ఎక్కువ. పది సెకన్లకోసారి చెయ్యండి, పోతే పది సెకన్లు పోతాయి, దానికి ఎవరూ ఏడవరు. ప్రతిసారీ ఓపెన్, క్లోజ్ చెయ్యక్కర్లేదు, ఒకసారి ఓపెన్ చేసి ఫ్లష్ చేస్కుంటూ పోతే చాలు.

బటన్ ఒకటి 2వ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టండి, ఇన్‌పుట్ పుల్అప్ మోడ్‌లో. అది నొక్కితే ఫైల్ క్లోజ్ అయి ఎల్‌ఈడీ ఆరకుండా వెలగాలి, అప్పుడు పవర్ తియ్యాలి. ఎల్‌ఈడీని 7వ పిన్నుకి పెట్టండి, బోర్డు మీదున్న లైటు 13వ పిన్నుది, అది కార్డుకి ఇచ్చేశాం. ఫిక్స్ కోసం చూస్తుంటే నెమ్మదిగా, కార్డు దొరక్కపోతే గబగబా, లైను రాసిన ప్రతిసారీ ఒక్క మెరుపు, ఈ మూడూ పెట్టుకోండి. స్క్రీన్ లేని డబ్బాతో మనకున్న సంభాషణ ఆ లైటే, హెల్మెట్ పెట్టుకుని ఒకసారి చూస్తే తెలిసిపోవాలి.

ర్యామ్ సంగతి మర్చిపోయేలోపు చెప్తాను. కార్డు బఫరే 512 తినేసింది, అంటే పావు వంతు పోయింది. సీరియల్ మానిటర్‌కి పంపే మెసేజులన్నిటినీ ముందు ఇంగ్లీషు పెద్ద ఎఫ్ పెట్టి బ్రాకెట్లో రాయండి, అప్పుడవి ర్యామ్‌లోకి రావు. స్ట్రింగ్ అనే పెద్ద ఎస్‌తో ఉండే క్లాసు జోలికి పోకండి. కంపైల్ అయ్యాక కింద ర్యామ్ 75 శాతం దాటిందని చూపిస్తే ఏదో ఒకటి తీసెయ్యండి, లేకపోతే గంట బాగా నడిచి ఉన్నట్టుండి కారణం లేకుండా రీసెట్ అవుతూ ఉంటుంది. ఇదంతా వద్దు అనుకుంటే ఈఎస్‌పీ32 తీస్కోండి, ర్యామ్ 520 కేబీ, సీరియల్ పోర్టులు మూడు, 3.3 వోల్టులే కాబట్టి రెండో రకం కార్డు మాడ్యూల్ సరిపోద్ది, పైన చెప్పిన సర్కస్ సగం తగ్గుద్ది. కాకపోతే కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, వైఫై ఆఫ్ చేసి పెట్టుకోండి.

8. పవర్, డబ్బా, బండికి కట్టడం

చదరం 9 వోల్టుల బ్యాటరీ పెట్టకండి, మొత్తం లోడు 100 మిల్లీ ఆంపులు దాటుతుంది, అది ఎక్కువసేపు నిలవదు. బైకుకి హ్యాండిల్ దగ్గర పెట్టే యూఎస్‌బీ ఛార్జర్ బెస్ట్. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడి బోర్డు రీసెట్ అవ్వొచ్చు, పర్లేదు, మన ఫైల్ పేరు డేటే కాబట్టి మళ్ళీ అదే ఫైల్ చివర నుంచి రాయడం మొదలుపెడుతుంది. పవర్ బ్యాంకు వాడితే ఒకటి చూడండి, కొన్ని పవర్ బ్యాంకులు లోడు తక్కువుంటే ఫోన్ ఫుల్ అయిపోయిందనుకుని వాటంతట అవే ఆఫ్ అయిపోతాయి. ఇంట్లోనే గంట నడిపి చూస్తే తెలిసిపోద్ది.

జంపర్ వైర్లతో బైకు ఎక్కించకండి, మన రోడ్ల మీద పది స్పీడ్ బ్రేకర్లకి కనీసం ఒక వైరు ఊడుద్ది. జీరో పీసీబీ మీద సోల్డర్ చేసి, కార్డు స్లాట్ దగ్గర కాస్త టేపు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. రేకు డబ్బా వద్దు, సిగ్నల్ లోపలికి రాదు. యాంటెన్నా మూత కిందే, పైకి చూస్తూ ఉండాలి. బైకు సీటు కింద పెట్టినా సిగ్నల్ వస్తుంది కానీ ట్యాంకు పక్కన, ఇంజిన్ పక్కన వద్దు.

బయల్దేరే ముందు రోజు ఒక టెస్ట్ చెయ్యండి. డాబా మీద పెట్టి ఓ పది నిమిషాలు రాయనిచ్చి, బటన్ నొక్కకుండా కావాలనే పవర్ పీకెయ్యండి. కార్డు తీసి ఫైల్ ఓపెన్ చెయ్యండి. చివరి పది సెకన్లు తప్ప అంతా ఉంటే బండికి కట్టొచ్చు. లేకపోతే 7వ స్టెప్పుకి వెనక్కి.

ఇంకోళ్ళ బండిలో వాళ్ళకి చెప్పకుండా ఇది పెట్టకండి, తర్వాత గొడవల్లో నన్ను కలపకండి.

9. మ్యాప్ మీద చూడ్డం

కంప్యూటర్లో ఫైల్ డేట్ 2000 జనవరి 1 అని చూపిస్తే కంగారు పడకండి, యూనోకి గడియారం లేదు కాబట్టి లైబ్రరీ అదే వేస్తుంది, లోపల లైన్లలో డేట్ కరెక్టే. ఎక్సెల్‌లో డేటూ టైమూ కూడిన కాలమ్ ఒకటి చేసి దానికి టైమ్ ఫంక్షన్‌తో 5 గంటల 30 నిమిషాలు కలపండి, డేట్ మారడం కూడా అదే చూస్కుంటుంది.

గూగుల్ మై మ్యాప్స్‌లో నేరుగా సీఎస్‌వీ ఇంపోర్ట్ చెయ్యొచ్చు కానీ ఒక ఫైల్లో 2000 లైన్లే తీస్కుంటుంది. సెకనుకో లైను అంటే 33 నిమిషాలకే అయిపోయింది. అందుకే పొడుగు ట్రిప్పులకి ఐదు సెకన్లకో లైను రాయమని పెట్టుకోండి, అప్పుడు 2000 లైన్లలో రెండు మూడు గంటలు పడతాయి. పైగా మై మ్యాప్స్ చుక్కలు పెడుతుంది, గీత గియ్యదు. గీత కావాలంటే జీపీఎస్ విజువలైజర్ అనే సైటుంది, సీఎస్‌వీ ఇస్తే అక్కడే ట్రాక్ గీసి చూపిస్తుంది, స్పీడుని బట్టి రంగులు కూడా వేస్తుంది, అక్కడి నుంచే కేఎంఎల్ ఫైల్ చేస్కుని గూగుల్ ఎర్త్‌లో ఓపెన్ చేస్తే ఘాట్ రోడ్డు కొండలతో సహా కనిపిస్తుంది. మలుపుల దగ్గర గీత రోడ్డు దాటి లోయలోకి పోయినట్టు ఉంటే ఐదు సెకన్ల గ్యాపు వల్ల, అక్కడ మళ్ళీ సెకనుకి మార్చుకోవాల్సిందే, లేదా బండి దిశ 15 డిగ్రీలు తిరిగినప్పుడల్లా అదనంగా ఒక లైను రాయమని కండిషన్ పెట్టండి, లైబ్రరీలో కోర్స్ అనేది ఉంది కదా.

ఎవరికైనా ఆ ట్రాక్ షేర్ చేసేముందు మొదటి, చివరి కొన్ని వందల లైన్లు తీసెయ్యండి, అది మొదలయ్యేదీ ఆగేదీ మీ ఇంటి గేటు దగ్గరే.